నాలుక పుండు పక్కనే లోహపు బ్రిడ్జి: ఒక ఎంఆర్‌ఐ కేస్ స్టడీ

రోగి వయసు 58. గుట్కా, చుట్ట రెండూ పాత అలవాట్లే. నాలుక ఎడమ అంచున మూడు నెలలుగా మానని పుండు ఉంది, బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా (నోటి పైపొర క్యాన్సర్) అని తేలింది. బుగ్గల లోపల సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ (నోటి లోపలి పొర గట్టిపడే జబ్బు) పట్టీలు చేతికి తగులుతున్నాయి, నోరు 24 మి.మీ.కి మించి తెరుచుకోవడం లేదు. మెడలో గడ్డలేవీ తగలడం లేదు. సర్జన్‌కు కావలసినవి రెండు జవాబులు: పుండు నాలుక కండరంలోకి ఎన్ని మిల్లీమీటర్లు దిగింది? కింది దవడ ఎముకను ముట్టుకుందా?

ఇది ఒకే మనిషి ఫైలు కాదు. ఇలాంటి కేసుల్లో పదేపదే ఎదురయ్యేవాటిని ఒకచోట చేర్చి రాసిన నమూనా కేసు. ఇందులోని లెక్కలను మాత్రం కాగితం మీద ఎవరైనా వేసి చూసుకోవచ్చు.

నోట్లో ఏమేం ఉన్నాయంటే: కింద ఎడమవైపు 35, 36, 37 (ఇవి పళ్ల డాక్టర్లు పళ్లకు ఇచ్చే నంబర్లు) మీద మూడు పళ్ల బ్రిడ్జి, అంటే అటూ ఇటూ పళ్ల మీద అతికించిన కట్టుడు పళ్ల వరుస. 36 ఎప్పుడో ఊడిపోయింది, దాని చోట ఉన్నది పాంటిక్, అంటే వేరు లేని కట్టుడు పన్ను. కింద కుడివైపు 46లో సిల్వర్ ఫిల్లింగ్, 47 మీద జిర్కోనియా క్యాప్. పైన ముందుపళ్లకు తీసిపెట్టుకునే సెట్టు, దానికి స్టీలు తీగ కొక్కేలు. ఓపీజీ (దవడలన్నీ ఒకే ఫిల్ములో చూపే) ఎక్స్‌రేలో ఇవన్నీ ఒకేలా తెల్లగా మెరుస్తాయి. ఆ ఎక్స్‌రే చూసి ఏది ఎంఆర్‌ఐని చెడగొడుతుందో చెప్పబోతే పప్పులో కాలేసినట్టే. ఎక్స్‌రేను అడ్డుకునేది పదార్థం సాంద్రత, పరమాణు సంఖ్య. ఎంఆర్‌ఐని చెడగొట్టేది ససెప్టిబిలిటీ, అంటే బయటి అయస్కాంత క్షేత్రంలో పెట్టినప్పుడు ఆ పదార్థం తాను ఎంత అయస్కాంతంగా మారుతుందన్నది. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటికి సంబంధం లేదు.

మొదటి స్కాన్ 3 టెస్లా (అయస్కాంత బలం కొలత) మెషీన్‌లో, మెడకు వాడే మామూలు ప్రోటోకాల్‌తో, అంటే ముందే పెట్టి ఉంచిన సెట్టింగులతో తీసినది. ఎడమ కింది దవడ చుట్టూ సుమారు రెండు సెంటీమీటర్ల నల్లటి గుంట. ఆ గుంట లోపలి అంచున, సరిగ్గా పుండు ఉండాల్సిన చోట, ఫ్యాట్ సాచురేషన్ (కొవ్వు సిగ్నల్‌ను అణిచేసి తీసే) బొమ్మల్లో తెల్లగా వెలిగే ఒక వంపు. డిఫ్యూజన్‌లో (కణజాలంలో నీటి కదలికను చూపే బొమ్మలో) నాలుక ముందుభాగం సాగిపోయి గుర్తుపట్టలేకుండా ఉంది. రిపోర్టు ఇలా వచ్చింది: లోతు 12 మి.మీ. వరకు ఉండవచ్చు, దవడ లోపలి పలకకు వ్యాపించి ఉండే అవకాశం కొట్టిపారేయలేం.

ఈ ఒక్క వాక్యం బరువు ఎంతో చూడాలి. 2018 నుంచి అమల్లో ఉన్న ఏజేసీసీ (క్యాన్సర్ దశలు నిర్ణయించే అమెరికన్ కమిటీ) ఎనిమిదో కూర్పు ప్రకారం, 2 నుంచి 4 సెం.మీ. మధ్య ఉన్న నాలుక కణితి లోతు 10 మి.మీ. లోపు ఉంటే టీ2, దాటితే టీ3. దవడ ఎముక బయటి పొరను తొలుచుకుపోతే టీ4ఏ. అంటే ఆ తెల్లటి వంపును కణితి అనుకుంటే టీ3, దవడను అనుమానిస్తే టీ4ఏ. రెండూ కాకపోతే టీ2. నాలుకలో కొంత భాగం తీసి కుట్టేసే ఆపరేషన్‌కూ, దవడ కోసి కాలి ఎముకతో తిరిగి కట్టే ఆపరేషన్‌కూ ఉన్న తేడా అది.

లోహం పేరు కనుక్కోవడం

రోగిని అడిగితే "పింగాణీవేనండీ" అంటాడు. పైపొర వరకు నిజమే. దాని కింద అర మిల్లీమీటరు అటూ ఇటూ మందంలో లోహపు కోపింగ్, అంటే లోపలి తొడుగు ఉంటుంది. పాత పీఎఫ్‌ఎం (లోహం మీద పింగాణీ) క్యాపుల్లో అది ఎక్కువగా నికెల్-క్రోమియం పోత. ఇప్పుడు ల్యాబులు డీఎంఎల్‌ఎస్ పేరుతో ఇచ్చేవి లోహపు పొడిని లేజర్‌తో పొరలుపొరలుగా కరిగించి కట్టినవి, పొడి కోబాల్ట్-క్రోమియం. డీఎంఎల్‌ఎస్ అన్నది తయారీ పద్ధతి పేరే గాని లోహం పేరు కాదు. రేడియాలజీ వాళ్లకు ఆ నాలుగు అక్షరాల పేరు వినపడగానే కోబాల్ట్ గుర్తుకు రావాలి.

పళ్ల డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు "లోహమేనా?" అని అడిగి ఊరుకుంటే "అవును" అన్న జవాబు తప్ప ఏమీ రాదు. అడగాల్సినవి వేరు. ల్యాబ్ చీటీ మీద ఏ అల్లాయ్ రాశారు? పాంటిక్ లోపల గట్టి లోహమా, బోలా? రూట్ కెనాల్ చేసిన పంట్లో పోస్ట్ (వేరులో దింపే కడ్డీ) పెట్టారా, పెడితే స్టీలా, టైటానియమా, ఫైబరా? అతికించింది పర్మనెంట్ సిమెంట్‌తోనా, తాత్కాలిక సిమెంట్‌తోనా? ఈ కేసులో వచ్చిన జవాబులు: డీఎంఎల్‌ఎస్, పాంటిక్ గట్టి లోహం, పైన పింగాణీ పూత, 35లో ఫైబర్ పోస్ట్, పర్మనెంట్ సిమెంట్. బ్రిడ్జి కదలడం లేదు. మెషీన్‌లోకి పంపడానికి భద్రత పరంగా అడ్డేమీ లేదు. పైసెట్టు మాత్రం బయటే తీసేయాలి. కోబాల్ట్-క్రోమియం, టైటానియం, నికెల్-క్రోమియంతో చేసి గట్టిగా అతికించిన పళ్లపని ఊడి ఎగిరిపోయేది కాదు. పళ్ల ప్రపంచంలో నిజంగా ఆపి చూడాల్సినది ఒకటుంది: అయస్కాంతాలతో నిలబడే కట్టుడు పళ్లు. సెట్టులో ఉన్న అయస్కాంతాన్ని బయట పెట్టేసినా, వేరు మీద అతికించిన కీపర్ అయస్కాంతానికి అంటుకునే స్టీలుదే. అది నోట్లోనే ఉండిపోతుంది.

చిన్న అయస్కాంతం దగ్గరపెట్టి చూస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. కోబాల్ట్-క్రోమియం దానికి అంటుకోదు. అంటుకోలేదని బొమ్మ బాగుంటుందనుకుంటే మోసపోతాం. ఆ పరీక్ష లాగుడు గురించి మాత్రమే చెబుతుంది.

ఇక విలువలు. నీటి ససెప్టిబిలిటీ సుమారు మైనస్ 9 పీపీఎం (పది లక్షల్లో వంతులు), మన కండరానిదీ దాదాపు అంతే. జిర్కోనియా పింగాణీది మైనస్ 8 దగ్గర, అంటే కణజాలంలో కలిసిపోతుంది. పాదరసం మైనస్ 28, వెండి మైనస్ 24, బంగారం మైనస్ 34: ఇవి నీటికి దూరమేమీ కాదు, అందుకే పాదరసం, వెండి కలిసిన సిల్వర్ ఫిల్లింగ్ ఎంఆర్‌ఐలో చడీచప్పుడు లేకుండా ఉంటుంది. టైటానియం ప్లస్ 182. కోబాల్ట్-క్రోమియం ప్లస్ 900, అంతకు పైన. అయస్కాంతానికి అంటుకోని రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా కొన్ని వేలు. అంటుకునే స్టీలైతే ఈ కొలతకే లొంగదు. నికెల్-క్రోమియం గురించి ఒకే మాట చెప్పలేం, క్రోమియం పాలు తగ్గేకొద్దీ నికెల్ తన అసలు గుణం, అంటే అయస్కాంతానికి అంటుకోవడం, చూపిస్తుంది. టైటానియం ఇంప్లాంట్ ఉంటే ఎంఆర్‌ఐ చేయకూడదని భయపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ వరుసలో దాని చోటు చూస్తే అది ఎంత మెతకదో తెలుస్తుంది.

ఎంత దూరం వరకు చెడుతుంది

పాంటిక్‌ను 3 మి.మీ. వ్యాసార్ధం ఉన్న కోబాల్ట్-క్రోమియం గోళం అనుకుందాం. అసలు ఆకారం గోళం కాదు, అయినా దూరపు లెక్కకు ఇది చాలు. గోళం పక్కన, అంటే ప్రధాన క్షేత్రానికి అడ్డంగా, క్షేత్రంలో తేడా ససెప్టిబిలిటీ తేడాలో మూడో వంతు. తల-పాదాల దిశలో దానికి రెట్టింపు, గుర్తు తిరగబడుతుంది. నాలుక బ్రిడ్జికి పక్కన ఉంటుంది గనుక మనకు మూడో వంతు లెక్కే కావాలి: 900లో 300 పీపీఎం. 1.5 టెస్లా దగ్గర ప్రోటాన్ ఫ్రీక్వెన్సీ 63.87 మెగాహెర్ట్జ్. కాబట్టి లోహం ఉపరితలం దగ్గర తేడా సుమారు 19 కిలోహెర్ట్జ్. దూరం పెరిగేకొద్దీ ఇది ఘనంతో తగ్గుతుంది. పాంటిక్ మధ్య నుంచి 9 మి.మీ. దగ్గర 710 హెర్ట్జ్, 13 మి.మీ. దగ్గర సుమారు 235, 15 మి.మీ. దగ్గర 153.

ఈ మూడు అంకెలు చేతిలో ఉంటే మొదటి స్కాన్‌లో కనిపించినదంతా విడమరచి చెప్పొచ్చు.

కొవ్వుకీ నీటికీ మధ్య తేడా 3.5 పీపీఎం, 1.5 టెస్లాలో సుమారు 220 హెర్ట్జ్. ఫ్యాట్ సాచురేషన్ పల్స్ ఆ తేడా మీదే ఆధారపడి కొవ్వును వెతుక్కుంటుంది. 13 మి.మీ. లోపల ఉన్న ప్రతిదాని ఫ్రీక్వెన్సీ అంతకంటే ఎక్కువ జరిగిపోయింది కాబట్టి పల్స్ ఒకచోట కొవ్వును వదిలేసి తెల్లగా ఉంచుతుంది, ఇంకోచోట నీటినే చెరిపేస్తుంది. నాలుక అంచున వెలిగిన తెల్లటి వంపులో సగం ఇదే, అణగని కొవ్వు. మిగతా సగం పైల్-అప్: చోటు తప్పిన సిగ్నల్ అంతా వచ్చి ఒకే గీత మీద పోగుపడటం. కాంట్రాస్ట్ ఇచ్చిన బొమ్మలో ఈ వంపు కణితి మెరుపులాగే కనిపిస్తుంది. కాంట్రాస్ట్ ఇవ్వకముందు తీసిన ఫ్యాట్ సాచురేషన్ బొమ్మ పక్కన పెట్టుకుంటే పట్టుబడుతుంది, కాని చాలాచోట్ల సమయం ఆదా పేరుతో తీయకుండా వదిలేసేది సరిగ్గా ఆ బొమ్మే. మెషీన్ 3 టెస్లాదైతే కొవ్వు-నీటి తేడా కూడా రెట్టింపే గనుక ఈ ఒక్క విషయంలో దూరం మారదు. మారేది ఇక చెప్పబోయేది.

స్పిన్ ఎకో అనే మామూలు బొమ్మ రకంలో సిగ్నల్ పోవడం తక్కువ, చోటు మారడం ఎక్కువ. ఎంఆర్‌ఐ చోటును గుర్తుపట్టేది ఫ్రీక్వెన్సీతోనే. 3 టెస్లాలో 9 మి.మీ. దగ్గర తేడా 1420 హెర్ట్జ్. పిక్సెల్‌కు 200 హెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (ఒక్కో పిక్సెల్‌కు కేటాయించే ఫ్రీక్వెన్సీ వెడల్పు) పెడితే 7 పిక్సెళ్లు, 0.56 మి.మీ. పిక్సెల్‌తో 4 మి.మీ. జరుగుతుంది. ఎనిమిదిని పన్నెండు చేయడానికి ఆ నాలుగు చాలు. స్లైస్ దిశలోనూ ఇదే జరుగుతుంది: స్లైస్‌ను ఎంచుకునే రేడియో పల్స్ (ఎక్సైటేషన్ పల్స్) వెడల్పు 1 కిలోహెర్ట్జ్, స్లైస్ 3 మి.మీ. అనుకుంటే పై 1420 హెర్ట్జ్ వల్ల మనం చూస్తున్న స్లైస్ అక్కడ 4 మి.మీ. పక్కకు వంగిపోయి ఉంటుంది. అంటే పక్క స్లైస్‌లోని కణజాలాన్ని ఈ స్లైస్‌లో కొలుస్తున్నాం.

డిఫ్యూజన్ సంగతి ఇంకా ఘోరం. డిఫ్యూజన్‌కు మామూలుగా వాడే, బొమ్మంతా ఒకే ఊపులో తీసే సింగిల్-షాట్ ఈపీఐలో ఎకోల మధ్య 0.7 మిల్లీసెకన్లు, 96 గీతలు, పారలల్ ఇమేజింగ్ 2 పెట్టినా ఫేజ్ దిశలో (ఫ్రీక్వెన్సీ దిశకు అడ్డంగా ఉండేది) బ్యాండ్‌విడ్త్ పిక్సెల్‌కు 30 హెర్ట్జ్ దాటదు. 3 టెస్లాలో 15 మి.మీ. దూరాన ఉన్న తేడా 306 హెర్ట్జ్. పది పిక్సెళ్లు, 2 మి.మీ. పిక్సెల్‌తో రెండు సెంటీమీటర్లు. నాలుక ముందుభాగం సాగిపోక ఏం చేస్తుంది?

బ్రిడ్జి కోసేయడం గురించి

రిపోర్టు చూడగానే వచ్చిన మొదటి సలహా అదే. 24 మి.మీ. నోటిలో, పుండు ఆనుకుని ఉన్న చోట, వెనక దవడ పంటి మీద కోబాల్ట్-క్రోమియాన్ని కార్బైడ్ బర్‌తో కోయడం రోగికి నరకం. కోసిన బ్రిడ్జి మళ్లీ పనికిరాదు. లోహపు పొడి పుండులోనూ చిగురులోనూ పడుతుంది. కొత్త బ్రిడ్జి ఖర్చు మీద పడుతుంది. కణితి ఆపరేషన్ వారమో పది రోజులో వెనక్కి పోతుంది. దవడ అంచు కోయాల్సి వస్తుందని ముందే తేలి ఉంటే ఆ పళ్లు ఎలాగూ పోతాయి, అప్పుడు తీసేయడంలో అర్థముంది. తేలక ముందు కాదు. ముందు మార్చాల్సింది మెషీన్‌లోని అంకెలు.

రెండో స్కాన్‌లో మార్చినవి

మెషీన్ 1.5 టెస్లాది. లోహం దగ్గరి తేడా అంతా అక్కడే సగమైపోతుంది.

అన్నిటికంటే చవకైన మార్పు గాజుగుడ్డ చుట్ట. తడిపిన గాజుగుడ్డను వేలి మందాన చుట్టి, చివర దారం కట్టి, నాలుకకీ బ్రిడ్జికీ మధ్య పెట్టాలి. దారం రెండో కొస నోటి బయటికి తెచ్చి చెంపకు ప్లాస్టర్ వేయాలి, లేకపోతే పడుకున్న మనిషి గొంతులోకి జారే ప్రమాదం ఉంది. తడపని గుడ్డ వద్దు. దానిలోని గాలి తన వంతు చెడుపు తాను చేస్తుంది. నాలుక 6 మి.మీ. పక్కకు జరిగిందనుకోండి, 9 మి.మీ. దగ్గరి 710 హెర్ట్జ్ 15 మి.మీ. దగ్గరి 153 అవుతుంది. ఘనం మనకు పనిచేసిపెట్టే చోటు ఇదొక్కటే. గట్టిగా కుక్కితే మాత్రం కణితే నొక్కుకుపోయి లోతు తక్కువగా కొలుస్తాం. ఆనీ ఆనకుండా ఉండాలి. పై క్యాపుల గొడవైతే దంతాల మధ్య ప్లాస్టిక్ బైట్ బ్లాక్ పెట్టి నోరు తెరిపించడం పనిచేస్తుంది. కింది బ్రిడ్జికి అంత లాభం లేదు, దవడతోపాటు నాలుకా కిందికి దిగుతుంది.

లోతు కొలవడానికి కీలకమైన కొరోనల్ (ముఖానికి ఎదురుగా నిలువుకోత) టీ2 టర్బో స్పిన్ ఎకోకు పెట్టిన అంకెలివి. ఇక్కడ టీ1, టీ2 అంటే క్యాన్సర్ దశలు కావు, బొమ్మ రకాలు. ఫీల్డ్ ఆఫ్ వ్యూ 180 మి.మీ., మాట్రిక్స్ 320, స్లైస్ 3 మి.మీ., టీఆర్ (పల్సుల మధ్య విరామం) 4500 మిల్లీసెకన్లు, టీఈ (ఎకో అందుకునే సమయం) 80, ఎకో ట్రెయిన్ (ఒక్కో పల్స్‌కు అందుకునే ఎకోలు) 16. బ్యాండ్‌విడ్త్ ఈ మెషీన్ మామూలు సెట్టింగైన పిక్సెల్‌కు 150 నుంచి 500 హెర్ట్జ్‌కు పెరిగింది. 9 మి.మీ. దగ్గర జరుగుడు 2.7 మి.మీ. నుంచి 0.8కి దిగుతుంది. దీని వెల సిగ్నల్: 55 శాతానికి పడిపోతుంది. యావరేజీలు 1 నుంచి 3 చేస్తే మళ్లీ 95 శాతం దగ్గరికి వస్తుంది. ఒక యావరేజీకి 90 సెకన్లు, మూడింటికి నాలుగున్నర నిమిషాలు. ఎక్సైటేషన్ పల్స్‌ను పొట్టి చేసి దాని వెడల్పు 2 కిలోహెర్ట్జ్‌కు పెంచితే స్లైస్ వంపు కూడా సగమవుతుంది. ఎస్‌ఏఆర్ (శరీరం పీల్చుకునే రేడియో శక్తి) పెరుగుతుంది గాని 1.5 టెస్లాలో అది హద్దు దాటదు.

ఫ్రీక్వెన్సీ దిశ, అంటే చోటును ఫ్రీక్వెన్సీతో చదివే దిశ, ఎటు పెట్టాలన్నది చాలామంది టెక్నీషియన్లు పట్టించుకోరు. దిశ మారిస్తే చెడుపు తగ్గదు, వేరేవైపు పోతుంది. కాని ఎటు పోతుందన్నదే ఇక్కడ ప్రాణం. కుడి-ఎడమ పెడితే బ్రిడ్జి చెడుపంతా నేరుగా నాలుకలోకి వస్తుంది. యాక్సియల్‌లో (అడ్డకోతలో) ముందు-వెనక, కొరోనల్‌లో పైకీ-కిందికీ పెడితే అది పళ్ల వరుస వెంబడే పోతుంది. దానితో ఫేజ్ కుడి-ఎడమ అవుతుంది, మెడ రక్తనాళాల నీడలు అడ్డంగా పడతాయి. అవి పడేది నాలుక వెనకభాగం మీద, పుండు ముందుభాగంలో ఉంది. కింద ఒక సాచురేషన్ బ్యాండ్ (వచ్చే రక్తం సిగ్నల్‌ను అణిచే పట్టీ) వేస్తే అవీ తగ్గుతాయి.

ఫ్యాట్ సాచురేషన్ పూర్తిగా తీసేసి స్టిర్ అనే వేరే కొవ్వు అణిచే పద్ధతి పెట్టారు, టీఐ (ఇన్వర్షన్ పల్స్ తర్వాత ఆగే సమయం) 160 మిల్లీసెకన్లు. స్టిర్ కొవ్వును గుర్తుపట్టేది ఫ్రీక్వెన్సీతో కాదు, టీ1తో, అంటే పల్స్ తర్వాత కణజాలం తిరిగి కుదురుకునే సమయంతో. అందుకే తట్టుకుంటుంది. ఒక మెలిక: ఇన్వర్షన్ పల్స్ వెడల్పు కూడా ఎక్సైటేషన్ పల్స్‌కు తగ్గట్టు పెంచాలి, లేకపోతే లోహం చుట్టూ ఇన్వర్షన్ అందని రింగు ఒకటి తెల్లగా మిగిలి మళ్లీ కణితిలా కనిపిస్తుంది. కాంట్రాస్ట్ తర్వాత స్టిర్ వాడకూడదు. గాడోలినియం చేరిన కణితి టీ1 కొవ్వు టీ1 దగ్గరికి దిగితే రెండూ కలిసి మాయమవుతాయి. అందుకని కాంట్రాస్ట్‌కు ముందూ తర్వాతా ఒకే అంకెలతో మామూలు టీ1 టర్బో స్పిన్ ఎకో తీసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసి చూశారు. 60 కిలోల మనిషికి కిలోకు 0.1 మిల్లీమోల్ చొప్పున, మిల్లీలీటరుకు 0.5 మిల్లీమోల్ ఉండే మందు 12 మి.లీ. కొవ్వునీ నీటినీ లెక్కతో విడదీసే డిక్సన్ గురించి: ఫ్యాట్ సాచురేషన్ కంటే మెరుగే, అయితే లోహం మరీ దగ్గరైతే కొవ్వునీ నీటినీ తారుమారు చేసేస్తుంది. ఇలాంటి చోట దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవడం సరికాదు.

డిఫ్యూజన్‌కు ఈపీఐ మానేసి, కొలతలను బ్లేడుల్లాంటి పట్టీలుగా తిప్పుతూ సేకరించే టర్బో స్పిన్ ఎకో రకం వాడారు. బీ విలువలు (డిఫ్యూజన్ ప్రభావం ఎంత పెట్టాలో చెప్పే అంకెలు) 0, 800. బొమ్మ కాస్త గరుకుగా ఉంటుంది, సమయం ఎక్కువ పడుతుంది, కాని ఉన్నది ఉన్నచోటే ఉంటుంది.

పక్కకు జరిగిన సిగ్నల్‌ను సర్దే వ్యూ యాంగిల్ టిల్టింగ్ ఆన్ చేశారు. అది సమయం అడగదు, కొంచెం మసక మాత్రం తెస్తుంది. స్లైస్ వంపును కూడా సరిదిద్దే సెమాక్ పెట్టలేదు. తుంటి కీలు లాంటి పెద్ద లోహాలకు అది సరైన మందు. ఇక్కడ ఆరు మెట్లు పెట్టినా కొరోనల్ ఒక్కటే తొమ్మిది నిమిషాలవుతుంది. పుండు నొప్పితో లాలాజలం ఊరుతున్న మనిషి తొమ్మిది నిమిషాలు మింగకుండా ఉండలేడు. మింగితే కదులుతాడు, కదిలితే లోహం గొడవ వదిలించుకుని కదలిక గొడవ కొనితెచ్చుకున్నట్టవుతుంది. ప్రతి సీక్వెన్స్ మధ్య ఆగి "ఇప్పుడు మింగండి" అని చెప్పడం, మొదలుపెట్టే ముందు నోరు పీల్చి శుభ్రం చేయడం ఈ కేసులో సెమాక్ కంటే ఎక్కువ పనిచేస్తాయి.

అన్నిటికంటే ముందు తీసినది అర నిమిషం గ్రేడియెంట్ ఎకో, లోహానికి అన్నిటికంటే తేలిగ్గా చెడే బొమ్మ రకం. చెడుపు అందులోనే అత్యంత పెద్దదిగా కనిపిస్తుంది, కాబట్టి ఏ పన్ను దోషో, హద్దు ఎక్కడిదాకానో అక్కడే తేలిపోతుంది. బ్రిడ్జి చుట్టూ పెద్ద నల్లమచ్చ, అది కూడా 36 పాంటిక్ దగ్గరే అత్యంత వెడల్పు, ఎందుకంటే గట్టి లోహం ఎక్కువున్నది అక్కడే. కుడివైపు సిల్వర్ ఫిల్లింగ్, జిర్కోనియా క్యాప్ ఉన్న జాడే లేదు.

కనిపించినది

కణితి పొడవు 26 మి.మీ. రెండువైపులా ఆరోగ్యంగా ఉన్న మ్యూకోసాను (పైపొరను) కలుపుతూ గీత గీసి, దాని నుంచి లంబంగా అత్యంత లోతైన చోటికి కొలిస్తే 8 మి.మీ. నాలుక మధ్యగీత దాటలేదు. మొదటి స్కాన్‌లోని తెల్లటి వంపు స్టిర్‌లో లేదు, తీసివేత బొమ్మలోనూ లేదు. డిఫ్యూజన్‌లో వెలిగిన ముద్ద టీ2 ముద్దతో చోటులో సరిపోయింది. మెడలో అనుమానించదగ్గ గ్రంథి లేదు. దశ టీ2, ఎన్0 (మెడ గ్రంథులకు పాకలేదు).

దవడ లోపలి పలక నల్లటి గీత టీ1లో చెక్కుచెదరకుండా ఉంది, 36 ఎదురుగా 8 మి.మీ. మేర తప్ప. అక్కడ గుంట మిగిలే ఉంది. ఎంత బ్యాండ్‌విడ్త్ పెంచినా లోహం ఉపరితలం దగ్గరి 19 కిలోహెర్ట్జ్‌ను ఏ మామూలు సీక్వెన్సూ మింగలేదు. రిపోర్టులో రాయాల్సింది సరిగ్గా ఇదే: ఏ ఎముక, ఏ పంటి ఎదురుగా, ఎన్ని మిల్లీమీటర్లు చూడలేకపోయాం. "ఆర్టిఫాక్ట్ వల్ల పరిమితమైన పరీక్ష" అని ఒక ముక్క రాసి వదిలేస్తే సర్జన్‌కు అది ఏ పనికీ రాదు.

ఆ 8 మి.మీ. కోసం 0.6 మి.మీ. స్లైసులతో సీటీ, బోన్ కెర్నెల్ (ఎముకను స్పష్టంగా చూపే సెట్టింగు). ఇక్కడ ఆట తిరగబడుతుంది. ఎంఆర్‌ఐలో నోరు మెదపని సిల్వర్ ఫిల్లింగ్, జిర్కోనియా క్యాప్ సీటీలో కుడివైపు నుంచి గీతలు చిమ్మి నాలుకంతా చారలు చేశాయి. నాలుక చూడటానికి ఆ సీటీ పనికిరాదు. కాని చారలు పంటి కిరీటం ఎత్తులోనే ఉంటాయి, దవడ పలక వాటికి కింద ఉంటుంది. లోపలి పలక నిండుగా కనిపించింది. ఒక యంత్రం గుడ్డిగా ఉన్న చోటు రెండోది చూడగలిగింది, మొత్తం చిత్రాన్ని రెండిట్లో ఏ ఒక్కటీ ఇవ్వలేదు.

ఆపరేషన్‌లో నాలుక కణితిని సెంటీమీటరు అంచుతో తీశారు, దవడను ముట్టుకోలేదు. మెడలో ఒకటి నుంచి మూడో లెవెల్ వరకు గ్రంథులు తీశారు. లోతు 4 మి.మీ. దాటితే మెడలో గడ్డ తగలకపోయినా గ్రంథులు తీయడం ఇప్పుడు మామూలు పద్ధతి. తొలిదశ నోటి క్యాన్సర్లలో ముందే మెడ గ్రంథులు తీస్తే బతికే అవకాశం పెరుగుతుందని ముంబయి టాటా మెమోరియల్ వారి పరీక్ష 2015లో చూపించింది. పాథాలజీలో లోతు 7 మి.మీ. ఎంఆర్‌ఐ కొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ చూపడం మామూలే, కోసిన ముక్క ఫార్మలిన్‌లో కుంచించుకుపోతుంది.

క్లిప్పులు, తీగలు

ఇదే తర్కంతో పళ్ల క్లిప్పుల సంగతి క్లుప్తంగా. బ్రాకెట్లు (పంటికి అతికించే బిళ్లలు), వెనక దవడ పళ్ల ట్యూబులు చాలావరకు 17-4 పీహెచ్ రకం స్టీలు, అది అయస్కాంతానికి అంటుకుంటుంది. తీగ ఒక్కటే తీయించి పంపితే లాగుడు భయం తగ్గుతుంది గాని బొమ్మ పెద్దగా బాగుపడదు. మెదడు టీ1, టీ2 స్పిన్ ఎకోలు చాలాసార్లు చదవగలిగేలా వస్తాయి. డిఫ్యూజన్‌లో, ఎస్‌డబ్ల్యూఐలో (ససెప్టిబిలిటీ తేడాలనే చూపే బొమ్మలో) మాత్రం మెదడు ముందుభాగం అడుగు పోతుంది. అక్కడి తెల్లటి అంచును స్ట్రోక్ అని రాసే ప్రమాదం ఉంది. అడిగిన ప్రశ్న ఫిట్స్‌కు సంబంధించినదై, అనుమానం ఫ్రంటల్ లోబ్ మీదే ఉంటే బ్రాకెట్లు తీయించాల్సిందే. వినికిడి నాడి కోసమో, వెన్ను కోసమో అయితే అక్కర్లేదు. పింగాణీ బ్రాకెట్లు మేలు, కాని కొన్నిటి గాడిలో లోహపు తొడుగు ఉంటుంది, ఆర్థోడాంటిస్ట్‌ను అడగాలి. చికిత్స అయిపోయాక కింది ముందుపళ్ల వెనక అతికించే మెలి తీగ రిటెయినర్ నాలుక కొననీ నోటి అడుగునీ మాత్రమే పాడుచేస్తుంది. చిన్నపిల్లల దవడ పళ్లకు వేసే స్టీలు క్యాపుల్ని తల్లిదండ్రులు "క్లిప్పులేమీ లేవండీ" అంటూ లెక్కలోకి చెప్పరు. నోరు తెరిపించి చూడాలి.

తర్వాతి స్కాన్లకు

ఆపరేషన్ తర్వాత మూడు నెలలకు బేస్‌లైన్ ఎంఆర్‌ఐ. అదే 1.5 టెస్లా మెషీన్, అవే అంకెలు, అదే ఫ్రీక్వెన్సీ దిశ, అదే గాజుగుడ్డ చుట్ట. కన్సోల్‌లో ఆ ప్రోటోకాల్‌ను విడిగా పేరుపెట్టి సేవ్ చేయకపోతే డ్యూటీ మారిన రోజు మామూలు మెడ ప్రోటోకాల్ నడిచిపోతుంది. అప్పుడు తెల్లటి వంపు మళ్లీ ప్రత్యక్షమై, కణితి తిరగబెట్టిందన్న రిపోర్టు వస్తుంది.

బ్రిడ్జి ఎప్పుడైనా మార్చాల్సి వస్తే ఏ పదార్థం అన్నది పళ్ల డాక్టరు, సర్జన్ కలిసి తేల్చాలి. నాలుకను ఎంఆర్‌ఐతో చూస్తూ ఉండాలి గనుక జిర్కోనియా మంచిది. కాని అదే జిర్కోనియా సీటీలో చారలు చిమ్ముతుంది. రేపు రేడియోథెరపీ అవసరపడితే లోహంలాగే అదీ కిరణాలను పక్కనున్న నాలుక మీదికి చెదరగొడుతుంది. అలాంటప్పుడు పళ్లకీ నాలుకకీ మధ్య 3 నుంచి 5 మి.మీ. మందం ఉన్న యాక్రిలిక్ తొడుగు చేయించి, ప్లానింగ్ సీటీ రోజు నుంచే పెట్టించాలి. ఆ తొడుగు అచ్చు తీసేది పళ్ల డాక్టరే, 24 మి.మీ. నోటిలోంచి అది వెళ్లగలగాలి కాబట్టి ముందే రెండు ముక్కలుగా చేయించడం నయం.